గుర్తు తెలిసిన బండి గుద్దితే దిక్కెవరు? తిరుపతి, చిత్తూరు జిల్లాల రోడ్డు భద్రతా కమిటీలకు బహిరంగ లేఖ

రెండు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, రవాణా శాఖ అధికారులకు, రోడ్డు భద్రతా కమిటీల సభ్యులందరికీ నమస్కారం.

మాది పాకాల. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు బోరు మోటార్ల మెకానిక్. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా వైపు కూడా చెరువులు పొర్లి, గుంతల్లో ఉన్న మోటార్లన్నీ నీళ్లు తాగాయి. వాడికి రాత్రీ పగలూ పని. ఆ నెలాఖరున ఒక సాయంత్రం పూతలపట్టు దగ్గర మోటారు బిగించి ఇంటికి వస్తుంటే, ఎదురుగా రాంగ్ సైడులో వచ్చిన బైకు గుద్దింది. కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది.

ఆరోగ్యశ్రీ కింద మొదటి ఆపరేషన్ అయింది, రాడ్ వేశారు. రెండు నెలలకు రాడ్ దగ్గర చీము పట్టింది. రెండో ఆపరేషన్ ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. మందులు, ఫిజియోథెరపీ, కార్ల బాడుగలు అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలు మా చేతి నుంచి పోయింది. కాలు అంగుళం పొట్టిదైంది. బోరులోంచి మోటారు పైకి లాగాలంటే రెండు కాళ్లూ గట్టిగా నేలకు ఆనించాలి. ఆ పని వాడికి ఇక లేదు. అప్పటికి వాడి వయసు 36.

తప్పు ఎవరిదన్నది కేసులో తేలింది. గుద్దిన అబ్బాయి దొరికాడు, బండి దొరికింది, నంబరు దొరికింది. దొరకనిది ఒక్కటే, ఆ బండికి ఇన్సూరెన్స్. అది అయిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది.

ఆ రోజుల్లో 75 నుంచి 150 సీసీ బైకుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి గుద్దినవాళ్లకు పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్, ప్రీమియం ఏడాదికి 752 రూపాయలు, పైన పన్ను. 2022 జూన్ నుంచి అది 714కు తగ్గింది కూడా. ఆ డబ్బు కట్టి ఉంటే మా తమ్ముడికి కోర్టు ఎంత పరిహారం ఇమ్మంటే అంత కంపెనీ ఇచ్చేది. మన దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో చావుకు, గాయాలకు ఇంతకంటే ఎక్కువ ఇవ్వబోమని హద్దు లేదు. ఆ అబ్బాయికి లైసెన్సు లేదు, నిజమే. కానీ నడిపినవాడికి లైసెన్సు లేకపోయినా, బండికి పాలసీ ఉంటే కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్స్ ఉన్నా దండగేనని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. ఆ మాట పట్టుకునే ప్రీమియం కట్టడం మానేసినవాళ్లు నాకు తెలుసు. అది నిజం కాదని ఎవరైనా వాళ్లకు చెప్పాలి.

నేను ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. వెళ్లేటప్పుడు కోపంతోనే వెళ్లాను. రేకుల ఇల్లు, వాకిట్లో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. వాళ్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, "సార్, ఈ రెండు మేకలుండాయి, తోలుకోనిపోండి. ఇంగేం లేదు మా దగ్గర" అనింది. ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. గోడకు ఆనుకుని నిలబడి తల ఎత్తలేదు. నేను ఆ నీళ్లు తాగి వచ్చేశాను.

బండి వాడి పేరు మీద లేదు. సీ బుక్కులో నగరి దగ్గర మరమగ్గం నేసే ఒకాయన పేరుంది. ఆయన 2017లోనే ఎవరికో అమ్మేశాడు. ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి, పేరు మారిందో లేదో చూసుకోలేదు. ఆ బండి ఇంకో రెండు చేతులు మారి ఈ అబ్బాయి దగ్గరికి చేరింది. రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి కోర్టు నోటీసు మా తమ్ముడిని ఎన్నడూ చూడని ఆ మగ్గం మనిషికి వెళ్లింది. ఆయన కోర్టు వరండాలో నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు, మగ్గం మీద అప్పు. కట్టని 752 రూపాయలకు మూడు ఇళ్లు కూలబడ్డాయి.

2024 ఆగస్టులో ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. 6 లక్షల 80 వేలు, దాని మీద వడ్డీ. బైకు నడిపిన అబ్బాయి, సీ బుక్కులో పేరున్న ఆయన కలిసి ఇవ్వాలి. తీర్పు చదివినప్పుడు మా మరదలు ఏడ్చింది, డబ్బు వచ్చేసినట్టే అనుకుంది. లాయరు గారు నెమ్మదిగా చెప్పారు, ఇద్దరి దగ్గరా జప్తు చేయడానికి ఏమీ లేదని.

కలెక్టర్ గార్లకు ఇక్కడ ఒక మనవి ఉంది. మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ ప్రకారం, పరిహారం రావాల్సినవాళ్లు అడిగితే ట్రిబ్యునల్ మీకు ఒక సర్టిఫికెట్ పంపుతుంది. దాన్ని మీరు భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించాలి. మా సర్టిఫికెట్ వెళ్లి ఏడాది దాటింది. మా తమ్ముడి విషయంలో వసూలు చేయడానికి ఏమీ లేదని నాకు తెలుసు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇన్సూరెన్స్ లేని లారీలు, టిప్పర్లు, ట్రాక్టర్లు గుద్దిన కేసులు కూడా ఉంటాయి కదా. వాటి ఓనర్లకు పొలాలు, ఇళ్లు ఉంటాయి. అలాంటి సర్టిఫికెట్లు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, ఎన్ని వసూలయ్యాయి, ఎన్ని ఏ తహసీల్దారు బీరువాలో ఉన్నాయి? కమిటీ సమావేశంలో ఆ లెక్క ఒక్కసారి టేబుల్ మీద పెట్టించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఒక జిల్లాలో ప్రమాదం, ఇంకో జిల్లాలో ఇల్లు, మూడో చోట ఓనరు అయిపోయి, ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. మా పాకాల తిరుపతి జిల్లాలోకి పోయింది, పూతలపట్టు చిత్తూరులోనే ఉంది. రెండు కమిటీలకూ కలిపి రాయడానికి కారణం అదే.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం చెబుతాను.

మా ఊరికి దగ్గర్లోనే ఒక ముసలాయనను తెల్లవారుజామున ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. ఏ బండో తెలియలేదు. ఆయన చనిపోయాడు. ఆ కుటుంబానికి 2 లక్షల పరిహారం వచ్చింది. గుర్తు తెలియని వాహనం గుద్దితే చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇవ్వాలని 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం పథకం అమల్లో ఉంది. అంతకుముందు 25 వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే ఉండేది. దరఖాస్తు తహసీల్దారుకో ఆర్డీవోకో ఇస్తే వాళ్లు నెలలో విచారించి పంపాలి, కలెక్టరు మంజూరు చేయాలి, డబ్బు జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ నుంచి బ్యాంకు ఖాతాలో పడుతుంది. మంచి పథకం. ఆ కుటుంబానికి డబ్బు వచ్చినందుకు నాకు సంతోషమే, వాళ్ల దరఖాస్తు నేనే రాసిపెట్టాను.

అయితే రాస్తూ రాస్తూ నా పెన్ను ఆగిపోయింది. మా తమ్ముడిని గుద్దిన అబ్బాయి ఆ రోజు పారిపోయి దొరక్కుండా పోయి ఉంటే, మా తమ్ముడికి కనీసం అప్పటి ఆ పన్నెండున్నర వేలైనా వచ్చేవి. వాడు ఆగాడు. రోడ్డు మీద పడి ఉన్న మా తమ్ముడి తల తన ఒళ్లో పెట్టుకుని 108కి ఫోన్ చేశాడు. వాడు ఆగినందువల్ల బండి 'గుర్తు తెలిసిన వాహనం' అయింది. కాబట్టి ఆ పథకం మాకు వర్తించదు. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి కంపెనీ లేదు. ఓనరు పేదవాడు కాబట్టి తీర్పు కాగితంగా మిగిలింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఈ లెక్క మాత్రం నాకు కుదరలేదు.

దీన్ని సరిచేసే దారి చట్టంలోనే ఉంది. 2019 సవరణతో వచ్చిన 164బి సెక్షన్ కింద మోటారు వాహన ప్రమాద నిధి ఏర్పడింది. ఆ నిధిని దేనికి వాడాలో సెక్షన్‌లో రాసి ఉంది. రోడ్డు ప్రమాద బాధితుల చికిత్సకు, గుర్తు తెలియని వాహనాల బాధితుల పరిహారానికి, ఇంకా నిబంధనల ద్వారా నిర్దేశించే ఇతరుల పరిహారానికి. ఆ 'ఇతరులు' అన్న మాటలోకి ఇన్సూరెన్స్ లేని బండి గుద్దినవాళ్లను తీసుకురావచ్చు. పార్లమెంటు కొత్తగా చట్టం చేయాల్సిన పని లేదు, నిబంధన మారిస్తే చాలు. ముందు నిధి నుంచి బాధితుడికి ఇవ్వండి, తర్వాత ఓనరు దగ్గర వాయిదాల మీద వసూలు చేసుకోండి. నెలకు వెయ్యి చొప్పున కట్టమంటే ఆ మగ్గం మనిషి కడతాడు. ఒక్కసారిగా ఏడు లక్షలు తెమ్మంటే ఊరు వదిలి పారిపోతాడు. ఈ మార్పు మీ చేతుల్లో లేదని నాకు తెలుసు. కానీ మీ రెండు కమిటీలు తీర్మానం చేసి రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్ర రోడ్డు రవాణా శాఖకు పంపితే, ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన ఉత్తరం కంటే దానికి ఎక్కువ విలువ ఉంటుంది.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. మా పెద్దమ్మ మనవరాలు అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. మా సంగతి విని తన కారు పాలసీ తీసి ఫోన్లో చదివి వినిపించింది. అక్కడ ఎదుటివాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, మన సొంత కంపెనీయే మనకు చెల్లించే కవరు ఒకటి ఉందట. టెక్సాస్‌లో కంపెనీలు ఆ కవరును కచ్చితంగా ఇవ్వజూపాలి, వద్దనుకుంటే మనం రాతపూర్వకంగా వద్దని చెప్పాలి. అక్కడ తప్పనిసరి పాలసీలో ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక ప్రమాదానికి మొత్తం 60 వేల డాలర్లు ఉంటే సరిపోతుంది. అక్కడి ఆసుపత్రి బిల్లులకు అది ఏ మూలకూ రాదు, అందుకే 'చాలకపోయినా' అన్న మాట కూడా ఆ కవరులో పెట్టారు. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ 1946 నుంచి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అని ఒకటి ఉంది. వాహన ఇన్సూరెన్స్ చేసే కంపెనీలన్నీ దానికి డబ్బు కట్టాలి. ఇన్సూరెన్స్ లేని బండి గుద్దినా, ఆచూకీ లేని బండి గుద్దినా బాధితుడికి ఆ బ్యూరో ఇస్తుంది. రెంటి మధ్యా తేడా పెట్టి ఒకరిని మాత్రమే ఆదుకోవడం అక్కడ లేదు. మన ఐఆర్‌డీఏఐ అనే బీమా నియంత్రణ సంస్థ కూడా ఇలాంటి కవరును మన పాలసీల్లో ఒక ఐచ్ఛిక భాగంగా పెట్టమని కంపెనీలకు చెప్పాలి. ఏడాదికి ఇంకో రెండు వందలు కట్టమన్నా మా ఊళ్లో కట్టేవాళ్లు ఉంటారు, మా తమ్ముడిని రోజూ చూస్తున్నారు కాబట్టి.

ఇన్సూరెన్స్ ఉండి కూడా అక్కరకు రాని సంగతి ఇంకొకటి ఉంది. మామిడి కాలంలో దామలచెరువు, బంగారుపాళెం మార్కెట్ల చుట్టూ తెల్లవారుజామున ఒక గంట నిలబడండి. కాయలు కోసే ఆడవాళ్లు, మోసే మగవాళ్లు టాటా ఏస్‌లలో, బొలెరో గూడ్స్ బండ్లలో, ట్రాక్టర్ ట్రాలీల్లో నిలబడి వెళుతుంటారు. ఒక్కో బండిలో ఇరవై మంది. పెళ్లికి వెళ్లినా అవే బండ్లు. చాలా బండ్లకు పాలసీ ఉంటుంది, ఎందుకంటే ఫైనాన్స్ వాళ్లు అడుగుతారు. కానీ గూడ్స్ బండిలో సరుకు యజమానికో, సరుకుతో వెళ్లే అతని మనిషికో తప్ప, ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2003లో తేల్చింది. వ్యవసాయ ట్రాక్టరు ట్రాలీలో కూర్చున్నవాళ్ల సంగతీ అంతే. బండి బోల్తా పడితే పాలసీ కాగితం ఉన్నా ఆ కూలీల కుటుంబాలు మా లాగే ఓనరు మొహం చూడాల్సిందే. మొగిలి ఘాటు, భాకరాపేట ఘాటు ఉన్న జిల్లాలు మనవి, ఆ మలుపుల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వాళ్లను బండి దించి ఫైన్ రాస్తే ఆ రోజు కూలి పోతుంది, మరునాడు వేరే దారిన అదే బండిలో వెళతారు. మే నుంచి జూలై వరకు ఆ మూడు నెలలు మార్కెట్లకు, గుజ్జు ఫ్యాక్టరీలకు ఆర్టీసీ బస్సులు పొద్దున్నే నాలుగు ట్రిప్పులు తిప్పండి. మండీ యజమానులను, ఫ్యాక్టరీ యజమానులను పిలిచి కూలీలందరికీ గ్రూపు ప్రమాద బీమా చేయించమని అడగండి. ఒక్క కలెక్టరు మాట చాలు, వాళ్లు కాదనరు.

బైకు వెనక కూర్చునే భార్యలు, పిల్లల సంగతి కూడా ఎవరూ చెప్పరు. కేవలం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న బండి స్కిడ్ అయి పడిపోతే వెనక కూర్చున్న మనిషికి పరిహారం రాదు. జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అనే ప్యాకేజీ పాలసీ ఉంటే వస్తుంది, ఐఆర్‌డీఏ 2009లోనే ఆ మాట కంపెనీలకు స్పష్టంగా చెప్పింది. ఏ షాపులోనూ ఈ తేడా చెప్పి అమ్మడం నేను వినలేదు.

తనిఖీల గురించి. ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపితే మొదటిసారి 2 వేలు, మళ్లీ దొరికితే 4 వేలు జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా. జరిమానా కట్టినవాడు రసీదు జేబులో పెట్టుకుని అదే బండి మీద, ఇన్సూరెన్స్ లేకుండానే ఇంటికి వెళతాడు. ఆ రెండు వేలల్లో సగం లోపే పాలసీ వచ్చేది. కాబట్టి పట్టుకున్న చోటే ఫోన్లో రెన్యువల్ చేయించుకునే వీలు కల్పించండి. పాలసీ చేసుకున్నవాడికి జరిమానా ఎంత తగ్గించగలరో చట్టం ప్రకారం చూడండి. దేశంలో రోడ్ల మీద తిరిగే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘమే 2024లో చెప్పింది. అన్నిటినీ జరిమానాలతో దారికి తేవడం అయ్యే పని కాదు.

చాలామంది మోసం చేయాలని మానేయడం లేదు, మర్చిపోతున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు అయిదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ముందే చేయించాలన్నది సుప్రీంకోర్టు ఆదేశం. మంచిదే. కానీ అయిదేళ్లు దాని ఊసే ఎత్తని మనిషికి ఆరో ఏడు ఎలా గుర్తొస్తుంది? 2018 చివర్లో కొన్న బండ్లకు 2023 చివరి నుంచి ఒక్కొక్కటిగా గడువు తీరుతోంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు పది మందిని అడిగితే ఆరుగురికి తమ బండి పాలసీ ఎప్పుడు అయిపోయిందో తెలియదు. రవాణా శాఖ 'వాహన్' కంప్యూటర్ రికార్డుల్లో ప్రతి బండి గడువూ ఉంటుంది. ఏ మండలంలో ఏ బండ్ల గడువు తీరిందో జాబితా తీసి గ్రామ, వార్డు సచివాలయాలకు పంపితే, పింఛను ఇవ్వడానికి ప్రతి నెలా గడప తొక్కే సిబ్బంది ఈ మాట కూడా చెప్పి వస్తారు. ఎవరో మధ్యవర్తి ఇచ్చిన నకిలీ పాలసీ పట్టుకుని నిశ్చింతగా ఉన్న ఆటోవాళ్లు కూడా దీనితో బయటపడతారు, వాళ్లూ మోసపోయినవాళ్లే.

అలిపిరి దగ్గర కొండకు వెళ్లే ప్రతి బండీ ఆగుతుంది. అంత మంచి చోటు రాష్ట్రంలో ఇంకెక్కడుంది? టీటీడీ అధికారులతో మాట్లాడి, బండి నంబరు కొట్టగానే ఇన్సూరెన్స్ ఉందో లేదో కనిపించే ఏర్పాటు అక్కడ చేయండి. లేదని తేలితే వెనక్కి పంపకండి, స్వామి దర్శనానికి వచ్చినవాళ్లను తిప్పి పంపితే ఎవరికీ మనసొప్పదు. పక్కన ఒక కౌంటరు పెట్టి అయిదు నిమిషాల్లో పాలసీ చేసి పంపండి. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఎవరూ వద్దనరని నా నమ్మకం.

ఎస్పీ గార్లకు ఒక విన్నపం. మా తమ్ముడిని గుద్దిన బైకును మూడు వారాల్లో విడిపించుకుని వెళ్లారు. తర్వాత అది విడిభాగాలైపోయింది. ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే, ఓనరు తగిన పూచీ చూపించేదాకా దాన్ని విడుదల చేయకూడదు, మూడు నెలల్లో చూపించకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్లో కట్టాలి, ఈ మేరకు నిబంధనలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2018లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ స్టేషను పేరు నేను రాయను, ఎందుకంటే ఈ సంగతి తెలియని స్టేషన్లు ఇంకా చాలా ఉన్నాయని లాయర్లు చెబుతున్నారు. బైకు వేలం వేస్తే పాతిక వేలు వస్తుందేమో. టిప్పరు అయితే లక్షలు వస్తాయి. బండి స్టేషన్లోనే ఉంటే ఓనరు ఎక్కడో ఒక చోట నుంచి పూచీ తెస్తాడు. ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు వెళ్లాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఆ మొదటి నివేదిక రాసేటప్పుడే 'ఇన్సూరెన్స్ లేదు' అని కనిపిస్తే బండిని గేటు దాటనివ్వకుండా చూడండి.

చికిత్స విషయంలో మాత్రం కొంత మేలు జరిగింది, అది చెప్పకపోతే తప్పవుతుంది. 2025 మే 5న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందాలి. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా ఇది వర్తిస్తుంది. మా తమ్ముడి నాటికి ఇది లేదు. ఏ ఆసుపత్రులు ఈ పథకంలో ఉన్నాయో రోడ్ల పక్కన, టోల్ గేట్ల దగ్గర, 108 బండ్లలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రి పదకొండు గంటలకు రక్తం కారుతున్న మనిషిని పట్టుకుని ఏ ఆసుపత్రికి పోవాలో తెలియక ఫోన్లు చేసుకునే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మేము చేసిన పొరపాటు కూడా రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది. ఆ రోజు మా తమ్ముడు నడిపింది మా నాయన పేరు మీద ఉన్న బండి. దానికి పాలసీ ఉంది, 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉంది. కానీ ఆ బీమా లైసెన్సు ఉన్న ఓనరుకే, అతను నడిపినప్పుడే. కొడుకు నడిపితే రాదు. వాడికి విడిగా ప్రమాద బీమా తీసి ఉంటే ఎంతో కొంత వచ్చే వీలుండేది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల మనిషి ఎవరైనా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, ఒక కాలో చెయ్యో పూర్తిగా పోతే లక్ష. అది మన నష్టానికి సరిపోదు, కానీ గుద్దినవాడి దగ్గర ఏముంది అన్నదాంతో దానికి సంబంధం లేదు. ఉపాధి హామీ కూలీలకు, ఆటోవాళ్లకు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు దీన్ని మీ కమిటీల తరఫున చేయించండి. ప్రమాదం తర్వాత మా ఇంట్లో అందరికీ నేనే చేయించాను.

ఈ లేఖతో పాటు ట్రిబ్యునల్ తీర్పు నకలు, 174 సర్టిఫికెట్ నకలు, ఆసుపత్రి బిల్లులు రెండు కలెక్టరేట్లలోనూ ఇస్తున్నాను. తర్వాతి రోడ్డు భద్రతా సమావేశం తేదీ చెబితే నేను, మా తమ్ముడు వస్తాం. వాడు ఇప్పుడు మామిడి కాలంలో దామలచెరువులో ఒక మండీ దగ్గర కాటా లెక్కలు రాస్తున్నాడు. కుర్చీలో కూర్చుని చేసే పని కాబట్టి ఎప్పుడు పిలిచినా సెలవు దొరుకుతుంది. ఆ నగరి ఆయనను, ఆ అబ్బాయిని కూడా పిలవమని నా మనవి. వాళ్ల బస్సు ఛార్జీలు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
పాకాల, తిరుపతి జిల్లా